అనువంశికత పాఠం నుంచి బీటీ పత్తి దాకా: బడిలో చేయగలిగే జన్యుశాస్త్ర ప్రయోగాలు ఏవి, ఎక్కడ తప్పుతాయి?

దేవరకొండ_బయో:
అందరికీ నమస్కారం. పదో తరగతి అనువంశికత పాఠం మొదలుపెట్టే ముందు ఈ చర్చ పెడుతున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం వాళ్లకూ పనికొస్తుంది. పిల్లలు గళ్ల పట్టిక గీసి మెండెల్ 3:1 నిష్పత్తి తెప్పిస్తారు, మార్కులూ వస్తాయి. కానీ మూడు విషయాలు వాళ్లకు కలిసిపోతున్నాయి. జన్యువు ఉండటం ఒకటి, ఆ జన్యువు పని చేయటం ఇంకొకటి, దాన్ని మనం మార్చటం మరొకటి. “బీటీ పత్తిలో ఏముంది?” అంటే “విత్తనానికి పూసిన మందు” అంటారు. “హైబ్రిడ్ అంటే?” అంటే “జన్యుమార్పిడి” అంటారు. ఈ మూడింటినీ విడివిడిగా చూపించే పనులు కావాలి. సామాను కిరాణా కొట్లోనో, మెడికల్ షాపులోనో, ఎరువుల దుకాణంలోనో దొరకాలి. కొలతలతో రాయండి.

మిర్యాలగూడ_ల్యాబ్:
ముందు డీఎన్‌ఏ తీయటంతో మొదలుపెట్టండి సార్. ఉల్లిగడ్డ అన్నిటికన్నా నమ్మకం.

100 మి.లీ. నీళ్లలో అర చెంచా ఉప్పు, అంటే 3 గ్రాములు. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు, 10 మి.లీ., నురగ రాకుండా కలపాలి. 100 గ్రాముల ఉల్లిగడ్డ సన్నగా తరిగి అందులో వేసి, 60 డిగ్రీల వేడినీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచాలి. తర్వాత ఐదు నిమిషాలు ఐసులో. మిక్సీలో ఐదు సెకన్లు మాత్రమే తిప్పాలి. పల్చటి నూలు బట్టలో వడకట్టాలి, పిండకూడదు. పరీక్షనాళికలో 5 మి.లీ. వడపోసిన నీళ్లు తీసుకుని, నాళికను వంచి, చల్లటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 5 మి.లీ. గోడ వెంట మెల్లగా జారవిడవాలి. రెండు పొరలు కలిసే చోట ఐదు నుంచి పది నిమిషాల్లో తెల్లటి దారాలు లేస్తాయి.

ఎందుకు అనేది పిల్లలతోనే చెప్పించాలి. కణం పొర, కేంద్రకం పొర కొవ్వుతో ఉంటాయి కాబట్టి సబ్బు వాటిని విప్పుతుంది. డీఎన్‌ఏ మీదున్న ఫాస్ఫేట్లకు రుణావేశం ఉంటుంది, అందుకే పోగులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పులోని సోడియం ఆ తోపులాటను ఆపుతుంది. ఆల్కహాల్‌లో డీఎన్‌ఏ కరగదు కాబట్టి బయటికి వస్తుంది. 60 డిగ్రీల వేడి, డీఎన్‌ఏను తుంచే ఎంజైములను దెబ్బతీస్తుంది. 80 దాటిస్తే డీఎన్‌ఏ కూడా విడిపోవటం మొదలవుతుంది. మిక్సీ అరనిమిషం తిప్పితే పోగులు తెగి, దారాలకు బదులు పొడిలాగా వస్తుంది.

పాలమూరు_మేడం:
అరటిపండుతో చేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది కదా సార్? వీడియోలన్నిట్లో అదే చూపిస్తారు. ఆల్కహాల్‌కు బదులు శానిటైజర్ వాడొచ్చా?

మిర్యాలగూడ_ల్యాబ్:
అరటిపండులో పైకి తేలే ముద్దలో చాలా భాగం పెక్టిన్ మేడం, జామ్‌ను గట్టిపరిచే పదార్థం. ఆల్కహాల్‌లో అది కూడా బయటికి వస్తుంది. దారంగా చుట్టుకోకుండా జిగటగా, గాలిబుడగలతో మబ్బులాగా తేలితే అది పెక్టిన్ అనుకోవాలి. ఉల్లిగడ్డ, పచ్చి బఠానీ మేలు. ఏది వాడినా “ఇదంతా డీఎన్‌ఏ” అనకండి. ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ కూడా కలిసే వస్తాయి. ప్రోటీన్ తగ్గాలంటే వడపోసిన 5 మి.లీ.కి పచ్చి బొప్పాయి పాలు రెండు చుక్కలు గానీ, తాజా అనాసపండు రసం అర మి.లీ. గానీ వేసి ఐదు నిమిషాలు ఆగాలి. డబ్బా రసం పనికిరాదు, వేడి చేయటంతో అందులో ఎంజైము పోతుంది.

శానిటైజర్ వద్దు. జెల్‌లో చిక్కదనానికి కలిపిన పదార్థమే తెల్లగా పేరుకుంటుంది, పైగా ఆల్కహాల్ 70 శాతమే. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో శుభ్రం చేయటానికి వాడే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సరిపోతుంది. దాన్ని ఇంటి ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. ఐసు ముక్కల్లో గుప్పెడు రాళ్ల ఉప్పు కలిపి, మూత బిగించిన సీసాను అరగంట అందులో ఉంచండి. గదిలో స్టవ్వు, అగరుబత్తి ఏదీ వెలగకూడదు.

ఇంకో మాట. కంటికి కనిపించే ఆ దారం ఒక్క అణువు కాదు. డీఎన్‌ఏ పోగు మందం 2 నానోమీటర్లు, లక్షల పోగులు పెనవేసుకుంటేనే కంటికి ఆనుతుంది. ఈ ఒక్క మాట చెప్పకపోతే ‘డీఎన్‌ఏ అంటే తెల్ల దారం’ అని జీవితాంతం ఉండిపోతుంది.

వనపర్తి_లెక్కలు:
3:1 గురించి లెక్కల వైపు నుంచి ఒక మాట. పెసర్లు, మినుములు దాదాపు ఒకే సైజు కాబట్టి యుగ్మవికల్పకాలకు, అంటే ఒకే జన్యువు రెండు రూపాలకు, బాగా పనికొస్తాయి. కానీ చాలామంది ఒకే సంచిలో కలిపి రెండేసి తీయిస్తారు. అది తప్పు. తల్లికొక సంచి, తండ్రికొక సంచి ఉండాలి. ఒక్కో సంచిలో 50 పెసర్లు, 50 మినుములు. ఒక్కోదాన్నుంచి ఒక్కటి చూడకుండా తీయాలి, రాసుకున్నాక మళ్లీ అదే సంచిలో వేయాలి. జతలో ఒక్క పెసర ఉన్నా బహిర్గతం, అంటే బయటికి కనిపించే లక్షణం, కింద లెక్కేయాలి.

16 సార్లు తీస్తే సరిగ్గా 12:4 వచ్చే అవకాశం నూటికి ఇరవై మూడుకు మించదు. అంటే 40 మంది పిల్లల్లో తొమ్మిది మందికే “సరైన” జవాబు వస్తుంది. మిగతావాళ్లు పక్కవాడిది చూసి దిద్దుకుంటారు. దిద్దుకోనివ్వకండి. అందరి లెక్కా బోర్డు మీద కూడితే 640 అవుతుంది, అప్పుడు 480కి అటూ ఇటూ ఇరవై లోపే చాలాసార్లు పడుతుంది. మెండెల్‌కు కూడా 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడతల గింజలు వచ్చాయి, నిష్పత్తి 2.96. ఏ నలుగురు పిల్లల ఇంట్లోనైనా ముగ్గురు ఒకలా, ఒకరు ఇంకోలా పుట్టాలనే అపోహ ఇక్కడే పోతుంది.

అచ్చంపేట_బాటనీ:
ఆ ముడతల గింజ దగ్గరే జన్యు వ్యక్తీకరణకు దారి ఉంది. పిండిపదార్థానికి కొమ్మలు వేసే ఎంజైమును తయారుచేసే జన్యువులో సుమారు 800 అక్షరాల ముక్క ఒకటి వచ్చి ఇరుక్కుంది. ఇది 1990లో తేలింది. ఎంజైము లేక పిండి తక్కువై, చక్కెర మిగిలిపోతుంది. చక్కెర ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, గింజ ఉబ్బుతుంది, ఎండేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక్క మంచి ప్రతి ఉన్నా చాలినంత ఎంజైము వస్తుంది కాబట్టి గుండ్రనిది బహిర్గతం. “బహిర్గతం అంటే బలమైనది” అనే మాట మనం మానేయాలి.

ఇక ప్రయోగం. చాలామంది చీకట్లో పెసర్లు మొలకెత్తించి పసుపుపచ్చగా చూపించి, వెలుతురులో పెట్టి పచ్చగా మార్చి ‘జన్యువు ఆన్ అయింది’ అంటారు. ఇది సగమే నిజం. మొదటి గంటల్లో వచ్చే పచ్చదనం, అప్పటికే తయారై ఉన్న ముడిపదార్థాన్ని వెలుతురుతో పనిచేసే ఎంజైము మార్చటం వల్ల వస్తుంది. ఆ తర్వాత ఒక రోజు పాటు ముదిరే పచ్చదనంలో కొత్తగా పనిచేయటం మొదలుపెట్టిన జన్యువుల పాత్ర ఉంది. చూపించండి, కానీ ఈ తేడా చెప్పండి.

దీనికన్నా శుభ్రమైనది గోధుమ గింజ ప్రయోగం. గింజ మొలకెత్తేటప్పుడు పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను వస్తుంది, అది గింజ పైపొర కణాల్లో అమైలేజ్ జన్యువును పని చేయిస్తుంది, అమైలేజ్ పిండిని చక్కెరగా కోస్తుంది. పిండం లేని సగానికి ఆ జన్యువు లేకపోలేదు, పిలుపు అందలేదు. ఆ పిలుపు మనం బయటినుంచి ఇవ్వొచ్చు.

100 మి.లీ. నీళ్లలో 2 గ్రాముల చైనాగ్రాస్, అర గ్రాము మొక్కజొన్న పిండి కలిపి ఉడికించి, వెడల్పాటి ప్లాస్టిక్ మూతల్లో అర సెంటీమీటరు మందాన పోసి గడ్డకట్టనివ్వాలి. పిండి పట్టించే మామూలు గోధుమలు పొడిగా ఉండగానే బ్లేడుతో అడ్డంగా సగానికి కోయాలి. నానబెట్టి కోస్తే పిలుపు అప్పటికే పాకిపోతుంది. కోసిన సగాలను, ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, మరిగించి చల్లార్చిన నీళ్లతో నాలుగుసార్లు కడగాలి.

నాలుగు జట్లు పెట్టండి: పిండం ఉన్న సగం, పిండం లేని సగం నీళ్లలో, పిండం లేని సగం జిబ్బరెల్లిక్ ఆమ్లంలో, పిండం ఉన్న సగమే, కానీ ఉడికించింది. ఎరువుల దుకాణంలో 0.001 శాతం జిబ్బరెల్లిక్ ఆమ్లం ద్రావణం దొరుకుతుంది. పదింతలు నీళ్లు కలిపితే చాలు. రెండు గంటలు నానాక, కోసిన ముఖం కిందికి వచ్చేలా పేర్చి, మూసి 48 గంటలు ఉంచాలి. తర్వాత గింజలు తీసేసి, టింక్చర్ అయోడిన్ పదింతలు పలచన చేసి పోయాలి. పలక అంతా నల్ల నీలం, అమైలేజ్ వచ్చిన చోట తెల్ల వలయం.

పాలమూరు_మేడం:
గోధుమలకు బదులు జొన్నలు? మా వైపు ప్రతి ఇంట్లో ఉంటాయి. బార్లీ అయితే కొట్లో తెల్లగా శుభ్రంగా దొరుకుతుంది.

అచ్చంపేట_బాటనీ:
రెండూ వద్దు మేడం. జొన్నలో ఈ ఎంజైము ఎక్కువగా పిండానికి ఆనుకున్న పొర నుంచే వస్తుంది, కాబట్టి పిండం లేని సగానికి హార్మోను ఇచ్చినా గోధుమలాగా స్పందించదు. కొట్లో బార్లీకి పాలిష్ పట్టారు, పైపొర, పిండం రెండూ పోయాయి. నాలుగు జట్లలోనూ ఏమీ రాదు, పిల్లలు ప్రయోగం తప్పనుకుంటారు.

ఇంకో రెండు జాగ్రత్తలు. నీళ్లలో పెట్టిన సగాల కింద కూడా సన్నటి, ఎర్రటి ఛాయ ఉన్న వలయం రావచ్చు. పొలంలో గింజ పాలుపోసుకున్నప్పుడే తయారైన ఇంకో రకం అమైలేజ్ కొంత ఉంటుంది. అందుకే ‘వచ్చిందా రాలేదా’ అని కాకుండా వలయం వెడల్పు స్కేలుతో కొలిపించాలి. రెండోది బూజు. బూజు కూడా అమైలేజ్ విడుస్తుంది. నాలుగో జట్టులో, అంటే ఉడికించిన గింజ కింద వలయం వచ్చిందంటే ఆ పలక మొత్తం పారేయాల్సిందే.

చెల్క_పత్తి:
ఇగ పత్తికి వద్దాం. నల్లగొండ జిల్లాల ఏ ఊరికి పోయినా పత్తి చెల్కలే. దానికంటె మంచి ల్యాబు లేదు. ఈ ఒక్క పని చేయిస్తె 3:1, జన్యు వ్యక్తీకరణ, జన్యుమార్పిడి మూడు ఒక్కసారే వస్తయి.

మన దగ్గర వేసేది బీటీ హైబ్రిడ్. చాలా రకాల్ల తల్లి, తండ్రి లైన్లల్ల ఒక్కదాంట్లనే బీటీ జన్యువు, అంటె పురుగును చంపే ప్రోటీన్ చేసే బాక్టీరియా జన్యువు, ఉంటది. అంటె ప్యాకెట్ల విత్తనానికి ఆ జన్యువు ఒక్క ప్రతే. ఆ చెట్టు కాసిన కాయల గింజలు ఎఫ్-2, అంటె రెండో తరం. ఒక్క జన్యువు లెక్కన నాలుగింట మూడు గింజల్ల బీటీ ఉంటది, ఒకదాంట్ల ఉండది. ఒక్క కాయల 25 నుంచి 35 గింజలు ఉంటయి, అంటె మెండెల్ పట్టిక మొత్తం ఒక్క కాయలనే ఉన్నట్టు.

చేసే తీరు: పగిలిన కాయల గింజలు తీస్కోవాలె. ప్యాకెట్ విత్తనం పిల్లల చేతికియ్యొద్దు, దానికి రంగు మందు పట్టించి ఉంటది. గింజను రాత్రంతా నానబెట్టి, పైతోలు మొత్తం ఒలిచి, లోపలి పప్పు చిన్న ముక్క ఒక్కోదాన్ని ఒక్కో ట్యూబుల బఫర్ (స్ట్రిప్‌తోటి వచ్చే ద్రావణం) పోసి నలిపి, బీటీ స్ట్రిప్, అంటె బీటీ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష పట్టీ, ముంచాలె. పది నిమిషాల్ల రెండు గీతలొస్తె ఉన్నట్టు, ఒక్క గీతొస్తె లేనట్టు. ఏ గీతా రాకుంటె స్ట్రిప్ పాడైనట్టు. క్రై1ఏసీ స్ట్రిప్ అడిగి తెచ్చుకోండి. బీటీ-2 రకాల్ల రెండు జన్యువులుంటయి, క్రై1ఏసీ, క్రై2ఏబీ. రెండు ప్రోటీన్లను వేర్వేరుగ చూపే స్ట్రిప్ దొరికితె రెండు జన్యువుల నిష్పత్తి 9:3:3:1 కూడ చెప్పొచ్చు.

అందరు తప్పేది తోలు కాడ. గింజ తోలు, దాని మీది దూది తల్లి చెట్టు కణాలే, పిల్లవి కావు. తల్లి చెట్టు బీటీదే కాబట్టి తోలు ముక్క అంటుకున్నా ప్రతి గింజ ‘ఉంది’ అనే చూపెడ్తది. 30కి 30 వచ్చినయంటె ముందు తోలు అనుమానించాలె. తోలు మంచిగ తీసినా అన్నీ వస్తె, రెండు లైన్లల్ల జన్యువు ఉన్న హైబ్రిడ్ అయ్యుంటది. 3:1 ఉండంగ 30కి 30 వచ్చే అవకాశం పది వేలల్ల రెండుకు మించదు.

దేవరకొండ_బయో:
అన్నా, పక్క చెల్క నుంచి పుప్పొడి వస్తే లెక్క మారదా?

చెల్క_పత్తి:
పత్తిల స్వపరాగ సంపర్కమే ఎక్కువ, తేనెటీగలతోటి కొంత బయటిది వస్తది. పక్కది కూడ ఇసొంటి బీటీ హైబ్రిడే అయితె దాని పుప్పొడిల గూడ సగానికే జన్యువు ఉంటది, లెక్క మళ్ల 3:1 కాడికే వస్తది. నాన్-బీటీ చెట్టు నుంచి వస్తె ఆ గింజల్ల 1:1. పిల్లలతోటి గీయించండి, మంచి ప్రశ్న.

గులాబీ రంగు పురుగు బీటీకి ఎట్ల అలవాటు పడ్డదో గూడ దీంతోనే చెప్పొచ్చు. ఆ పురుగు కాయల దూరి గింజలు తింటది. ఒక్క కాయలనే విషమున్న గింజ, లేని గింజ, సగం విషమున్న గింజ దొరుకుతయి. కొద్దిగ తట్టుకునే పురుగు బతికి గుడ్లు పెడ్తది. ఇంతకుముందు 450 గ్రాముల ప్యాకెట్‌తోటి 120 గ్రాముల నాన్-బీటీ విత్తనం వేరేగ ఇచ్చింది గందుకే: చుట్టూ సాళ్లు వేస్తె అక్కడ మామూలు పురుగులు బతికి, తట్టుకునే పురుగుతోటి జతకట్టాలని. ఆ చిన్న ప్యాకెట్ పక్కకు పడేస్తె ఏమైతదో పిల్లలే చెప్తరు.

ఒకటి గట్టిగ చెప్తున్న. పిల్లలు తెచ్చిన కాయల మీద రైతు పేరు, ఊరు పేరు రాయొద్దు. అన్నీ ఒక్క సంచిల కలిపి కాయకు నంబరెయ్యాలె. కలుపుమందు తట్టుకునే పత్తికి మన దేశంల అనుమతి లేదు, దాని స్ట్రిప్‌లు బడిల వాడొద్దు. పాఠం కోసం తెచ్చిన కాయ ఏ రైతుకూ తిప్పలు కావొద్దు.

పాలమూరు_మేడం:
“పురుగు చచ్చేది మనకేం కాదా?” అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. చిన్నగా ఎలా చెప్పాలి?

అచ్చంపేట_బాటనీ:
బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా ప్రోటీన్ అది. పురుగు పేగులో క్షారగుణం ఎక్కువ, అక్కడ ఆ ప్రోటీన్ కరిగి, పేగు ఎంజైములతో తెగి, పేగు గోడ మీద తనకు సరిపోయే గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా మన పేగులో ఆ గ్రాహకాలు లేవు. పచ్చదోమ, పేనుబంక, తెల్లదోమల మీద కూడా ఇది పనిచేయదు, అందుకే బీటీ వేసినా వాటికి మందు కొడుతూనే ఉంటారు. ఆ సంగతి ఇంట్లో పిల్లలు చూసిందే. ‘బీటీ అంటే అన్ని పురుగులకూ మందు’ అనేది అక్కడే ఆగిపోతుంది.

ఇంటర్ వాళ్లకు ఇంకో మెట్టు. బాక్టీరియా జన్యువును ఉన్నదున్నట్టు పెడితే మొక్కలో ప్రోటీన్ చాలా తక్కువ వచ్చింది. ప్రోటీన్‌లోని ఒకే అమైనో ఆమ్లానికి చాలా కోడాన్లు, అంటే మూడక్షరాల సంకేతాలు, ఉంటాయి కదా, బాక్టీరియా వాడే కోడాన్ల స్థానంలో మొక్క ఎక్కువగా వాడేవి పెట్టి తిరగరాశారు. ప్రోటీన్ మారలేదు, అది తయారయ్యే మోతాదు పెరిగింది. సొరకాయ అన్నా ఆనపకాయ అన్నా వండేది ఒకటే, కానీ ఊరిని బట్టి మాట అందాలి. జన్యువు ముందు పెట్టిన ప్రమోటర్, అంటే జన్యువును ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క, కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే వైరస్‌ది, అది దాదాపు అన్ని భాగాల్లోనూ జన్యువును పని చేయిస్తుంది. అయినా పంట ముదిరేకొద్దీ ప్రోటీన్ తగ్గుతుంది. జన్యువు అదే, వ్యక్తీకరణ మారింది. లేత ఆకు, ముదురాకు ఒకే బరువు తీసుకుని, ఒకే బఫర్‌తో స్ట్రిప్ ముంచి గీత చిక్కదనం పోల్చొచ్చు. అంకె రాదు, తేడా కనిపిస్తే కనిపిస్తుంది.

చండూరు_సైన్స్:
మన ప్రాంతంలో ఈ పాఠం చెప్పేవాళ్లు తప్పకుండా ఎత్తాల్సిన విషయం ఫ్లోరోసిస్. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పిల్లలు తాతలో, పెద్దమ్మలో వంగిన ఎముకలు చూసి ఉంటారు. ‘వంశపారంపర్యం’ అనే మాట వినగానే ‘మాకూ వస్తుందా’ అనే భయం లోపల ఉంటుంది, పైకి అడగరు. మనమే ముందు చెప్పాలి: అది జన్యువుల నుంచి వచ్చింది కాదు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ నుంచి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు, ఎముకలకు పడుతుంది. ఒకే ఇంట్లో చాలామందికి కనిపించేది ఒకే నీళ్లు తాగటం వల్ల.

పిల్లలకు ఒక ప్రశ్న ఇవ్వండి: “ఒక లక్షణం కుటుంబంలో నడుస్తోంది. జన్యువా, నీళ్లా, ఎలా తేలుస్తారు?” వేరే ఊళ్లో పెరిగిన తోబుట్టువులను పోల్చాలని, బయటినుంచి కోడలిగా వచ్చినవాళ్లను చూడాలని, కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టినవాళ్లను చూడాలని వాళ్లే చెబుతారు. నిజం మనుషుల పేర్లు, పిల్లల ఇళ్ల వివరాలు తరగతిలో వద్దు. కాగితం మీద ఊహా కుటుంబం గీసి ఇవ్వండి.

ఇదే కారణంతో ఇంట్లోవాళ్ల బ్లడ్ గ్రూపులు రాసుకు రమ్మనటం కూడా మానుకోవాలి. ముంబైలో 1952లో గుర్తించిన బాంబే రక్తవర్గం వాళ్లు మామూలు పరీక్షలో ఓ గ్రూపుగానే కనిపిస్తారు, కానీ వాళ్లకు ఏ గ్రూపు బిడ్డ పుట్టొచ్చు. కార్డు తప్పుగా రాసినా అంతే. పట్టికలో లెక్క తేలకపోతే ఆ పిల్లవాడు ఏ అనుమానంతో ఇంటికి వెళతాడో ఆలోచించండి. నాలుక చుట్టటం, చెవి తమ్మెలు కూడా ఒక్క జన్యువు లక్షణాలు కావు, ఉదాహరణకు వద్దు.

దేవరకొండ_బయో:
ఇది పాఠంలో మొదటి రోజే పెడతాను. ఇక మిగిలింది హైబ్రిడ్, అంటు, జన్యుమార్పిడి, జన్యుసవరణ తేడా.

అచ్చంపేట_బాటనీ:
ఒకే వరి మీద చెప్పండి. సాంబమసూరి, బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణంతోనే అందులోకి తెచ్చాయి. ప్రతి తరంలో డీఎన్‌ఏ గుర్తులు చూసి మొక్కలను ఏరారు, బయటినుంచి ఏదీ చొప్పించలేదు. అది మెరుగుపరచిన సాంబమసూరి, 2008లో విడుదలైంది. అదే సాంబమసూరిలో గింజల సంఖ్యను అదుపు చేసే ఒక జన్యువును క్రిస్పర్ అనే జన్యుసవరణ పద్ధతితో సవరించి డీఆర్ఆర్ ధాన్ 100, కమల అనే రకాన్ని రాజేంద్రనగర్‌లో తయారుచేశారు, 2025 మేలో ప్రకటించారు. ఉన్న జన్యువునే దిద్దటం అది. బీటీ పత్తిలో పూర్తిగా వేరే జీవి జన్యువును చేర్చారు, అనుమతి 2002 మార్చిలో వచ్చింది. బీటీ వంకాయ 2010 నుంచి మన దేశంలో నిలిచిపోయే ఉంది.

అంటుకు బత్తాయి చాలు. మన సాత్‌గుడి బత్తాయిని రంగ్‌పూర్ నిమ్మ మొక్క మీద కన్ను అంటు కడతారు. వేరుది ఒక జన్యురాశి, కొమ్మది ఇంకొకటి, రెండూ కలవవు. అంటు కింద నుంచి లేచిన పిలక ఆకును, పై కొమ్మ ఆకును పక్కపక్కన పెట్టి చూపండి. బత్తాయి గింజ తోలు ఒలిస్తే ఒక్కోదాంట్లో రెండు మూడు పిండాలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు పరాగసంపర్కంతో సంబంధం లేకుండా తల్లి కణాల నుంచే పుట్టినవి, అంటే తల్లికి నకళ్లు. తడి ఇసుకలో నాటి మూడు నాలుగు వారాలు ఆగితే ఒకే గింజ నుంచి రెండు మొలకలు వస్తాయి.

మిర్యాలగూడ_ల్యాబ్:
చివరగా ఒకటి. బాక్టీరియాలో మెరిసే ప్రోటీన్ జన్యువు పెట్టే కిట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. బడిలో చేయొద్దు. జన్యుమార్పిడి జీవులను తయారుచేయటం, ఉంచుకోవటం మన దేశంలో 1989 నిబంధనల కిందికి వస్తుంది, దానికి సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. వీడియో చూపించి ఆపేయండి. స్ట్రిప్ పరీక్షకు నలిపిన పత్తి గింజలు, వాడిన ట్యూబులు బ్లీచింగ్ ద్రావణంలో అరగంట ముంచి పారేయండి. మిగిలిన గింజలు బడి ఆవరణలో పడకుండా ఉడకబెట్టి పడేయాలి, లేకపోతే తొలకరికి మొలకెత్తుతాయి.

దేవరకొండ_బయో:
సరే సార్. పత్తి కాయలు పగిలేది అక్టోబర్ నుంచి కాబట్టి గింజల పరీక్ష నవంబర్‌లో పెడుతున్నాను. గోధుమ పలకలు శుక్రవారం పేరిస్తే 48 గంటలు ఆదివారానికి పడుతుంది. సోమవారం దాకా ఉంచితే వలయాలు కలిసిపోతాయా?

అచ్చంపేట_బాటనీ:
కలిసిపోతాయి, బూజు కూడా పడుతుంది. మంగళవారం పేర్చి గురువారం అయోడిన్ పోయండి. గింజకూ గింజకూ నాలుగు సెంటీమీటర్ల దూరం ఉంచండి.